చెరువుకూ బడికీ మధ్య: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నేపథ్యంలో మత్స్య విద్య, జలజీవ సంరక్షణ – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

చేపలు పట్టే విద్య, చేపలను కాపాడే విద్య తెలుగు నేలపై వేర్వేరు దారుల్లో సాగాయి. మొదటిది మత్స్యకారుల ఇళ్లలోను, ఆ తరువాత వారి పిల్లల కోసమే ఏర్పడిన శిక్షణాలయాల్లోను నిలిచిపోయింది. రెండవది పర్యావరణ పాఠంగా అందరి పుస్తకాల్లోకి వచ్చింది గాని, వలకూ చెరువుకూ దూరంగానే ఉండిపోయింది. ఈ విభజన ఎలా ఏర్పడింది, 2015 తరువాత ఉత్తర తెలంగాణ చెరువుల్లో వచ్చిన మార్పు దానిని ఎందుకు పునఃపరిశీలించవలసిన స్థితికి తెచ్చింది అనే అంశాలను జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల జలవనరుల నేపథ్యంలో వివరించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: మత్స్య విద్య, చెరువు, మానేరు, వృత్తి విద్య, కులవృత్తి, కొర్రమట్ట, పర్యావరణ విద్య, జలజీవ సంరక్షణ.

1. ఉపోద్ఘాతం

తెలంగాణ పల్లెలో చెరువు అందరిది. పొలానికి నీరు, పశువులకు తాగునీరు, బతుకమ్మను సాగనంపే రేవు – అన్నీ అక్కడే. చెరువులోని చేప మాత్రం అందరిదీ కాదు. దానిని పట్టే హక్కు, పట్టే నేర్పు కొన్ని వృత్తి కులాలకు చెందినవి. గంగపుత్రులు, ముదిరాజులు తరతరాలుగా ఈ వృత్తిలో ఉన్నారు. ఏ కార్తెలో ఏ చేప గుడ్డు పెడుతుంది, మత్తడి దూకినప్పుడు ఏ చేప ఎదురెక్కుతుంది, ఏ వలకు ఎంత కన్ను ఉండాలి అనే జ్ఞానం ఆ ఇళ్లలో తండ్రి నుండి కొడుకుకు, నీటి మీదనే అందింది. దానికి పలకా బలపం అవసరపడలేదు.

ఆధునిక పాఠశాల వచ్చిన తరువాత ఈ జ్ఞానానికి అందులో చోటు ఉండాలా, ఉంటే ఎవరి కోసం అనే ప్రశ్న ఎదురైంది. గడిచిన నూరేళ్లలో విద్యావేత్తలు, పాలకులు ఈ ప్రశ్నకు పలు సమాధానాలు ఇచ్చారు. వాటన్నిటినీ ఒక వరుసలో చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. చేపల వేటను బోధించినప్పుడు దానిని మత్స్యకారుల పిల్లలకే పరిమితం చేశారు. సంరక్షణను బోధించినప్పుడు దానిని వేటతో సంబంధం లేని పాఠంగా మార్చారు. చెరువులోని చేప బతకాలంటే ఈ రెండు జ్ఞానాలూ ఒకచోట చేరాలని ఈ ప్రాంతపు జలచరిత్ర సూచిస్తున్నది.

2. ప్రాంతం – నీటి చరిత్ర

జగిత్యాల, కోరుట్ల పట్టణాలు నేటి జగిత్యాల జిల్లాలోను, సిరిసిల్ల పట్టణం రాజన్న సిరిసిల్ల జిల్లాలోను ఉన్నాయి. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగే వరకు ఈ మూడూ కరీంనగర్ జిల్లాలోనివే. ఉత్తరాన గోదావరి ధర్మపురి మీదుగా సాగుతుంది. దక్షిణాన మానేరు సిరిసిల్ల పక్కగా ప్రవహిస్తుంది. ఈ రెండింటి నడుమ ఉన్నది గొలుసుకట్టు చెరువుల సీమ. ఒక చెరువు మత్తడి పోస్తే ఆ నీరు దిగువ చెరువుకు చేరుతుంది. నీటితోపాటు చేపా ప్రయాణిస్తుంది.

ఆధునిక కాలంలో ఈ చెరువుల వ్యవస్థపై పెద్ద ప్రాజెక్టులు వచ్చి చేరాయి. నిజాం పాలన చివరి దశలో గంభీరావుపేట మండలం నర్మాల వద్ద ఎగువ మానేరు ఆనకట్ట నిర్మాణం సాగింది. 1963 జూలై 26న జవహర్‌లాల్ నెహ్రూ పోచంపాడు వద్ద శ్రీరామసాగర్ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. దాని కాకతీయ కాలువ మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల మీదుగా కరీంనగర్ వైపు సాగింది. తరువాతి కాలంలో శ్రీరామసాగర్ నుండి తవ్విన వరద కాలువ జగిత్యాల జిల్లా గుండా వెళ్లి మధ్య మానేరు జలాశయంలో కలిసింది. సుమారు 25 టీఎంసీల సామర్థ్యం గల ఈ జలాశయం బోయినపల్లి మండలం మాన్వాడ వద్ద ఉన్నది. ఈ విధంగా గోదావరి నీరు కోరుట్ల వైపు నుండి సిరిసిల్ల వైపునకు చేరే మార్గం ఏర్పడింది.

నీరు మారితే చేప మారుతుంది. వానమీద ఆధారపడిన చెరువు వేసవిలో అడుగంటేది. అటువంటి చెరువులో ఏటికేడు నిలవగలిగినవి నేరుగా గాలి పీల్చుకోగల చేపలు: కొర్రమట్ట, మార్పు, ఇంగిలికం. నీరు తగ్గినా తేమ మిగిలిన బురదలో ఇవి ప్రాణం నిలుపుకోగలవు. కాలువ నీటితో చెరువు ఎక్కువ కాలం నిండి ఉండే స్థితి వచ్చిన తరువాత బొచ్చె, రవ్వ, మ్రిగాల, బంగారు తీగ వంటి పెంపకపు చేపలకు అవకాశం పెరిగింది. కాబట్టి ఈ ప్రాంతపు చెరువులో నేడు కనిపించే చేపల కూర్పు ప్రకృతి ఒక్కటే నిర్ణయించినది కాదు. అందులో నీటిపారుదల చరిత్ర పాలు ఎక్కువ.

3. గ్రంథాల్లో మత్స్యజ్ఞానం

వేటపై కట్టడి ఈ దేశానికి కొత్త ఆలోచన కాదు. అశోకుని ఐదవ స్తంభశాసనం ఆయన పట్టాభిషేకం జరిగిన 26 ఏళ్లకు వెలువడినది. అందులో కొన్ని జీవుల వధను నిషేధించడమే గాక, పౌర్ణమి మొదలైన నిర్దిష్ట దినాల్లో చేపలను చంపరాదని, అమ్మరాదని ఉన్నది. ఇది ధర్మబుద్ధితో చేసిన శాసనమే అయినా, వేటకు కాలనియమం ఉండాలన్న భావన అందులో కనిపిస్తుంది.

ఈ ప్రాంతానికి మరింత దగ్గరి ఆధారం కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రచించిన ‘మానసోల్లాసం’. అందులోని మత్స్యవినోద ప్రకరణం గాలంతో చేపలు పట్టడాన్ని రాజవినోదంగా వర్ణించింది. చేపల రకాలను, అవి నివసించే తావులను, ఒక్కొక్క దానికి తగిన ఎరను, గాలపు తాడు తయారీని అది వివరించింది. భారతీయ జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థకు సంచాలకులుగా పనిచేసిన సుందర్ లాల్ హోరా ఈ ప్రకరణాన్ని మత్స్యశాస్త్ర దృష్టితో అధ్యయనం చేశారు. జగిత్యాల సమీపంలోని నేటి పొలాసయే నాటి పొలవాస. అక్కడి పాలకులు కల్యాణి చాళుక్యుల సామంతులు. 1163 నాటి హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం కాకతీయ రుద్రదేవుడు మేడరాజును ఓడించి పొలవాసను గెలిచినట్లు పేర్కొన్నది. అంటే ‘మానసోల్లాసం’ రచనాకాలంలో ఈ సీమ ఆ రాజ్య పరిధిలోనిదే.

అయితే ఆ ప్రకరణంలోని వివరాలను చక్రవర్తికి తెలియజేయగలిగినవారు నిత్యం నీటిలో ఉన్న జాలరులే అయి ఉండాలి. వారి జ్ఞానం గ్రంథంలో రాజు వినోదంగా నమోదైంది. వారి పేర్లు నమోదు కాలేదు. నేర్పు ఒకరిది, గ్రంథం మరొకరిది అనే ఈ ఎడం తరువాతి శతాబ్దాల్లోనూ కొనసాగింది. 20వ శతాబ్దపు హైదరాబాదు రాజ్యంలో మత్స్యశాస్త్రం కొత్తదేమీ కాదు. గాలి పీల్చే చేపలపై పరిశోధించిన బి.కె. దాస్ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర ఆచార్యులుగా పనిచేశారు. 1940లలో మహమూద్, రహీముల్లా రాజ్యంలోని చేపలపై సర్వే ఫలితాలను ప్రకటించారు. ఆ శాస్త్రం విశ్వవిద్యాలయాల్లోను, పరిశోధన పత్రికల్లోను ఉండిపోయింది. చెరువు కట్ట కింది బడికి అది చేరలేదు.

4. వృత్తి శిక్షణగా మత్స్య విద్య

మత్స్య విద్యను పాఠశాలతో ముడిపెట్టిన తొలి ప్రభుత్వ ప్రయత్నం హైదరాబాదు రాజ్యంలో గాక మద్రాసు రాజధానిలో జరిగింది. సహకార పరపతిపై నివేదికతో ప్రసిద్ధుడైన ఫ్రెడరిక్ నికల్సన్ 1905లో మత్స్య పరిశ్రమ అధ్యయన బాధ్యత స్వీకరించారు. 1907లో మద్రాసు మత్స్య విభాగం ఏర్పడింది. ఆయన తరువాత జేమ్స్ హార్నెల్ దానిని నడిపించారు. కొత్త పడవ, కొత్త వల, కొత్త నిల్వ పద్ధతి ప్రవేశపెట్టడంతోనే జాలరి జీవితం మారదని, అప్పు, మద్యం, నిరక్షరాస్యత అనే మూడింటినీ ఎదుర్కోవాలని ఆ విభాగం గుర్తించింది. అందుకే 1910ల చివర మత్స్యకారుల పిల్లల కోసం ప్రత్యేక పాఠశాలలు, వాటి ఉపాధ్యాయుల కోసం కాలికట్‌లో శిక్షణ సంస్థ వెలిశాయి. మామూలు చదువుతోపాటు వృత్తికి పనికివచ్చే అంశాలను చేర్చడం వీటి ప్రత్యేకత. ఆంధ్ర తీరంలో కాకినాడ మత్స్య శిక్షణ సంస్థ తరువాతి కాలంలో ఈ మార్గంలోనే ఎదిగింది.

ఈ పాఠశాలలు మేలు చేశాయనడంలో సందేహం లేదు. బడి గడప తొక్కని ఇళ్లకు అవి అక్షరాన్ని చేర్చాయి. కానీ వాటి నిర్మాణంలోనే ఒక పరిమితి ఉన్నది. జాలరి బిడ్డకు చేపల చదువు, ఇతరుల బిడ్డకు ఇతర చదువు అనే విభజనను అవి సహజమైనదిగా చూపాయి.

దీనికి భిన్నమైన ప్రతిపాదన 1937 అక్టోబరు 22, 23 తేదీల్లో జరిగిన వార్ధా విద్యాసదస్సు నుండి వచ్చింది. హైదరాబాదులో జన్మించిన జాకీర్ హుస్సేన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం మౌలిక విద్యా ప్రణాళికను రూపొందించింది. వడకడం, నేయడం, వడ్రంగం, వ్యవసాయం, తోటపని, తోలుపని వంటి వాటితోపాటు, స్థానిక భౌగోళిక పరిస్థితులకు అనుకూలమైన మరే వృత్తినైనా కేంద్రంగా స్వీకరించవచ్చునని ఆ ప్రణాళిక చెప్పింది. ఆ వృత్తి ఆధారంగానే గణితం, శాస్త్రం, సాంఘికం బోధించాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, అది ఏ కులపు పిల్లలకో పరిమితం కాక తరగతిలోని అందరికీ ఉండాలి. ఈ సూత్రం ప్రకారం సిరిసిల్ల బడిలో మగ్గం, మానేటి ఒడ్డు బడిలో వల కేంద్రాలు కాదగినవి. ఆచరణలో మౌలిక విద్య దాదాపు అంతటా వడకడం, నేయడం వరకే ఆగింది. చేప దాని పరిధిలోకి రాలేదు.

1953లో మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి చక్రవర్తి రాజగోపాలాచారి తెచ్చిన సవరించిన ప్రాథమిక విద్యాపథకం ఈ చర్చను మరోవైపు మళ్లించింది. గ్రామీణ బడుల్లో చదువు రోజుకు మూడు గంటలు. మిగతా సమయంలో పిల్లలు ఇంటి వృత్తి నేర్చుకోవాలి. ఆ పథకం ప్రారంభమైనప్పుడు కోస్తా, రాయలసీమ జిల్లాలు ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. ఇది కులవృత్తి విద్య అని పెరియార్ ఈ.వి. రామసామి మొదలైనవారు తీవ్రంగా వ్యతిరేకించారు. రాజాజీ స్థానంలో ముఖ్యమంత్రి అయిన కామరాజ్ 1954లో దానిని రద్దుచేశారు.

ఈ ఘట్టం మత్స్య విద్య చరిత్రలో కీలకమైనది. వార్ధా ప్రణాళికలోనూ, 1953 పథకంలోనూ వృత్తి ఉన్నది. మొదటిదానిలో నేతగాని బిడ్డ చేపను, జాలరి బిడ్డ మగ్గాన్ని తెలుసుకునే వీలున్నది. రెండవదానిలో జాలరి బిడ్డ జాలరిగానే మిగిలే ప్రమాదమున్నది. తమ పిల్లలకు బడిలో మళ్లీ వల చేతికిస్తామంటే మత్స్యకార తల్లిదండ్రులు అనుమానించడానికి బలమైన చారిత్రక కారణం ఇదే. నీటిలో గడిచిన తమ జీవితం తమతో ఆగాలని, పిల్లలు ఉద్యోగస్తులు కావాలని కోరుకోవడం వారి హక్కు. ఏ మత్స్య విద్యా ప్రయత్నమైనా మొదట ఈ అనుమానానికి సమాధానం చెప్పాలి.

5. పర్యావరణ పాఠంగా మత్స్య విద్య

1964–66 నాటి కొఠారి కమిషన్ పని అనుభవాన్ని, 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ సంఘం సమాజోపయోగకర ఉత్పాదక శ్రమను పాఠశాల విద్యలో భాగం చేయాలని సూచించాయి. ఇవి కాలపట్టికలో ఒక పీరియడ్‌గా మిగిలాయి. మరోవైపు పర్యావరణ విద్య బలపడింది. ఎం.సి. మెహతా వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1991 నవంబరు 22న ఇచ్చిన తీర్పు పాఠశాలల్లో పర్యావరణాన్ని తప్పనిసరి అంశంగా బోధించాలని ఆదేశించింది. 2004లో ఆ ఆదేశం అమలుకు జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి సిద్ధం చేసిన పాఠ్యప్రణాళికను ఆమోదించింది. 2001లో మొదలైన జాతీయ హరిత దళం ద్వారా బడుల్లో పర్యావరణ సంఘాలు ఏర్పడ్డాయి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చివరి సంవత్సరాల్లో రూపొంది తెలంగాణలోనూ కొనసాగిన ఉన్నత పాఠశాల జీవశాస్త్ర పుస్తకాల్లో ఈ ప్రభావం బాగా కనిపిస్తుంది. ఎనిమిదో తరగతి పుస్తకంలో జీవవైవిధ్య సంరక్షణ ఒక పాఠం, ఆవరణ వ్యవస్థలు మరొక పాఠం, జంతువుల నుండి ఆహారోత్పత్తి వేరొక పాఠం, నీటి, గాలి కాలుష్యం ఇంకొక పాఠం. నాలుగూ విలువైనవే. ఊరి చెరువులో ఈ నాలుగు పాఠాలూ ఒకేచోట ఉంటాయి. పుస్తకంలో మాత్రం అవి విడివిడిగా ఉన్నాయి. పదో తరగతి పుస్తకం కొల్లేరును ఉదాహరణగా తీసుకుంటుంది. 1999లో వన్యప్రాణి అభయారణ్యమై, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కి, 2006లో అక్రమ చేపల చెరువుల కట్టలు తెంచిన ఘట్టాన్ని చూసిన కొల్లేరు, ఉపాధికీ సంరక్షణకూ మధ్య ఘర్షణను అర్థం చేసుకోవడానికి తగిన ఉదాహరణే. అయినా కోరుట్ల విద్యార్థి మూడు వందల కిలోమీటర్ల ఆవల ఉన్న సరస్సు గురించి రాసి పరీక్షలో నెగ్గవచ్చు. తన ఊరి చెరువులో ఏ చేప తగ్గిపోతున్నదో అతడిని ఎవరూ అడగరు.

6. 2015 తరువాత: నిండిన చెరువు, కొత్త ప్రశ్నలు

2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయ కింద తెలంగాణ ప్రభుత్వం 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణను తలపెట్టింది. 2016–17 నుండి నూరు శాతం రాయితీపై చేప పిల్లల పంపిణీ ప్రారంభమైంది. కొద్దికాలమే నీరుండే చెరువులకు 35–40 మిల్లీమీటర్ల పిల్లలను, ఏడాది పొడుగునా నీరుండే జలాశయాలకు 80–100 మిల్లీమీటర్ల పిల్లలను కేటాయించారు. మత్స్యకారుల సహకార సంఘాలకు ఇది ఉపాధి అవకాశం. ఉత్తర తెలంగాణ చెరువులకూ ఇది కొత్త దశ.

ఈ దశ వెనుక ఒక శాస్త్రచరిత్ర ఉన్నది. బొచ్చె, రవ్వ, మ్రిగాల సహజంగా ప్రవహించే వరదనీటిలో గుడ్డు పెడతాయి. కదలని చెరువులో పెరుగుతాయి గాని సాధారణంగా సంతానం కనవు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, కె.హెచ్. అలికున్హి పీయూషగ్రంథి సారం ఎక్కించి ఈ చేపలతో గుడ్డు పెట్టించారు. ఆ రోజునే జాతీయ మత్స్య రైతుల దినంగా జరుపుతున్నారు. ప్రతి ఏటా చెరువులో పిల్లలను వదలవలసి రావడానికి కారణం ఈ జీవధర్మమే. ఈ ఒక్క కారణం తెలిస్తే విద్యార్థికి పంపిణీ పథకం పరీక్ష కోసం గుర్తుంచుకునే పేరుగా కాక జీవశాస్త్రంగా అర్థమవుతుంది.

పెంపకపు చేపల మధ్య స్థానిక జాతుల స్థితి ఏమిటన్నది మరో ప్రశ్న. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను. తెలంగాణ పలుకుబడిలో అది కొర్రమట్ట. వానల్లో గుడ్డు పెట్టి, పిల్లలు గుంపుగా నీటిపైన తిరుగుతున్నంత కాలం పెద్ద చేపలు వాటికి కాపలా కాస్తాయి. ఆ సమయంలో పెద్ద చేపను పడితే నష్టం ఒక్క చేపతో ఆగదు. గుంపు మొత్తం రక్షణ కోల్పోతుంది. జూన్ తొలి పక్షంలో వచ్చే మృగశిర కార్తె నాడు చేప తినడం తెలంగాణలో ఆచారం. చేపలు సంతానోత్పత్తికి సిద్ధమయ్యే కాలమూ అదే. ఆచారాన్ని నిందించకుండానే ఈ రెండింటి సంబంధాన్ని తరగతిలో చర్చించవచ్చు.

పరదేశపు చేపల చరిత్ర కూడా బోధనకు తగినదే. దోమల నివారణ కోసం గంబూసియాను 1928లో భారతదేశానికి తెచ్చారు. నేటికీ దానిని నీటిగుంటల్లో వదులుతున్నారు. అది దోమ లార్వాతోపాటు స్థానిక చేపల గుడ్లను, పిల్లలను కూడా తింటుంది. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకాన్ని కేంద్రప్రభుత్వం 2000లో నిషేధించింది. వరదల్లో చెరువులకు చేరితే అది చిన్న చేపలను మింగేస్తుంది. మార్కెట్‌లో దానికీ స్థానికమైన మార్పు చేపకూ తేడా గుర్తించగలగడం చూసి నేర్చుకోవలసిన విద్య. ఆ విద్య మత్స్యకారుల దగ్గర ఉన్నది.

7. ఇతర దేశాల అనుభవం – స్థానిక భేదం

అమెరికాలో 1950 నాటి డింగెల్–జాన్సన్ చట్టం గాలాలు, చేపల వేట సామగ్రిపై పన్ను ఆదాయాన్ని చేపల సంరక్షణకు కేటాయించింది. 1984 సవరణలు అందులో కొంత భాగాన్ని జలజీవ విద్యకు వెచ్చించే అవకాశమిచ్చాయి. పిల్లలు తరగతి గదిలో ట్రౌట్ చేప గుడ్లను పొదిగించి, పిల్లలను వాగులో వదిలే కార్యక్రమాలు అక్కడ ప్రసిద్ధమైనవి.

ఈ నమూనా సిరిసిల్లకు యథాతథంగా సరిపోదు. అక్కడ గాలం ప్రధానంగా వినోదం. ఇక్కడ వల జీవనోపాధి. ఇక్కడి చెరువులో చేపల హక్కు సహకార సంఘానిది. విద్యార్థి సరదాగా పట్టే చేప కూడా ఎవరి కష్టార్జితమో అవుతుంది. కాబట్టి బడి పిల్లలు చెరువు వద్దకు వెళ్లాలంటే సంఘం అనుమతి కావాలి. సంఘ సభ్యుడే అక్కడ గురువు కావాలి. చేప ఎలా పుడుతుందనే పాఠానికి ముందు చేప ఎవరిదనే పాఠం ఉండాలి. జాతీయ విద్యావిధానం – 2020 ఆరు నుండి ఎనిమిదో తరగతి విద్యార్థులకు సంచి లేని పది రోజులను, స్థానిక వృత్తి నిపుణుల వద్ద అనుభవాన్ని ప్రతిపాదించింది. వడ్రంగి, తోటమాలి, కుమ్మరి వంటి వారిని అది ఉదహరించింది. ఆ వరుసలో మత్స్యకారునికి చోటు కల్పించడానికి కొత్త చట్టం అవసరం లేదు.

పది రోజుల్లో ఈత రాని పిల్లలను నీటిలోకి దింపకుండానే నేర్పగలిగినవి చాలా ఉన్నాయి. వల కన్ను కొలిచి ఏ పరిమాణం గల చేప తప్పించుకోగలదో లెక్కించడం గణితం. బొచ్చె నీటి పైభాగంలో, రవ్వ మధ్యలో, మ్రిగాల అడుగున మేత మేసే తీరు జీవశాస్త్రం. వేటకు విషం, పేలుడు పదార్థాలు వాడరాదని 1897 నాటి భారతీయ మత్స్య చట్టం ఎందుకు చెప్పిందో తెలుసుకోవడం పౌరశాస్త్రం. పెద్దలు చెప్పే చేపల పేర్లను సేకరించడం భాషాధ్యయనం.

8. ముగింపు

మత్స్య విద్య చరిత్రలో వైఫల్యానికి కారణం ఆలోచనల కొరత కాదు. మద్రాసు మత్స్య పాఠశాలలు వృత్తిని గౌరవించాయి గాని దానిని ఒక సమూహానికి పరిమితం చేశాయి. వార్ధా ప్రణాళిక అందరికీ వృత్తి అన్నది గాని చేప వరకు రాలేదు. 1953 పథకం వృత్తిని పుట్టుకతో ముడిపెట్టి ప్రజల నిరాకరణకు గురైంది. పర్యావరణ విద్య అందరికీ చేరింది గాని అందులో మత్స్యకారునికి స్థానం లేకపోయింది.

చెరువును పాడుచేసేది మత్స్యకారుడు ఒక్కడే కాదు. పురుగుమందు కలిసిన పొలం నీరు, పట్టణపు మురుగు, కబ్జాకు గురైన శిఖం భూమి – వీటికి బాధ్యులు అన్ని వర్గాలవారు. కాపాడే బాధ్యత కూడా అందరిదే. అందువల్ల జగిత్యాల రైతు బిడ్డ, కోరుట్ల వ్యాపారి బిడ్డ, సిరిసిల్ల నేతకార్మికుని బిడ్డ చేప గురించి నేర్చుకోవడం ఎంత అవసరమో, మత్స్యకారుని బిడ్డకు ఇష్టమైన ఏ చదువైనా చదివే స్వేచ్ఛ ఉండడం అంతే అవసరం. ఈ రెండు షరతులూ కలిసినప్పుడు మత్స్య విద్య కులవృత్తి శిక్షణ కాక చదువు అవుతుంది. అటువంటి తరగతిలో బోధించడానికి మత్స్యకారుడు బడికి వచ్చినప్పుడు, ఇంతకాలం గ్రంథాల్లో పేరు లేకుండా మిగిలిన అతని జ్ఞానానికి గుర్తింపు కూడా లభిస్తుంది.